పడమటి ఎండ ఆగాలి, అత్తయ్యగారికి వీధి కనపడాలి: మేడ మీద కిటికీకి ఏం చేయాలి?

బెజవాడ మేడ:

మాది విజయవాడ సత్యనారాయణపురంలో మేడ ఇల్లు. పై అంతస్తులో పడమటి గది మా అత్తయ్యగారిది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ కిందికి దిగడం బాగా తగ్గిపోయింది. పొద్దున్నే పూలమ్మాయిని పిలవడం, గ్రిల్‌కి పెట్టించిన చిన్న తలుపులోంచి తాడు కట్టిన బుట్ట దించి కూరలు తీసుకోవడం, సాయంత్రం స్కూలు నుంచి వచ్చే పిల్లల్ని పలకరించడం, అన్నీ ఆ కిటికీ దగ్గరే. ఎదురుగా స్థలం ఖాళీ కాబట్టి దసరాల్లో ఇంద్రకీలాద్రి మీద దీపాలు కూడా కనిపిస్తాయి.

మార్చి వస్తే చాలు, మధ్యాహ్నం రెండింటి నుంచి ఆ గదిలో కూర్చోలేం. మందపాటి కర్టెన్ వేస్తే చీకటి, ఉక్క. పైగా ఆవిడ కర్టెన్ పక్కకి లాగేసి ఎండలోనే కూర్చుంటారు. అందులో ఆవిడ తప్పేం లేదు, రోజంతా గోడల్ని చూస్తూ ఎవరుండగలరు?

కిటికీ వెడల్పు మూడడుగులు, ఎత్తు నాలుగు. రెండు రెక్కలూ బయటికి తెరుచుకుంటాయి. పైన రెండడుగుల సన్‌షేడ్ ఉంది, అయినా ఎండ ఆగదు. కిటికీ గట్టు మీద పూలకుండీలు కావాలని కూడా అత్తయ్యగారి కోరిక. గదికి అందం కావాలి కానీ ముందు ఆవిడకి వీధి కనపడాలి. ఎవరైనా చేయించుకున్నవాళ్లుంటే చెప్పండి.

కరీంనగర్ సివిల్:

అమ్మా, మీ సన్‌షేడ్‌లో లోపం లేదు. పడమటి ఎండకి సన్‌షేడ్ ఒక్కటే చాలదు, అంతే. మే నెలలో మీ ఊళ్లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు సుమారు 34 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ నీడ అప్పుడు కిటికీ మీద అడుగున్నర కూడా దిగదు. మిగతాదంతా ఎండే.

లోపలి కర్టెన్‌తో వేడి ఆగకపోవడానికి కారణం, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. కర్టెన్ వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అడ్డేదో అద్దానికి బయటే ఉండాలి.

వెదురు చాప కర్టెన్‌ని సన్‌షేడ్ అంచుకి కొక్కేలు పెట్టి వేలాడదీయించండి. గోడకి ఆనించి కట్టిస్తే రెక్కలు తెరుచుకోవు. మీ రెక్క ఒక్కోటి అడుగున్నరే కాబట్టి అంచున కడితే తగలదు. ఇక అసలు సంగతి: చాపని కిటికీ అడుగు దాకా దించక్కర్లేదు. రెండున్నర అడుగులు దించితే చాలు. అది గోడకి రెండడుగులు ముందుకి ఉంటుంది కదా, దాని నీడ ఇంకా కిందికి పడుతుంది. నాలుగింటికి దాదాపు కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది. ఐదింటికి గట్టు దగ్గర ముప్పావు అడుగు మేర ఎండ పడుతుంది, అది అంత బాధించదు. కింద వదిలిన అడుగున్నర సందులోంచి కుర్చీలో కూర్చున్నవాళ్లకి వీధి హాయిగా కనిపిస్తుంది. బుట్టకీ అడ్డు రాదు. చాప వెడల్పు మాత్రం కిటికీకి రెండు వైపులా అర అడుగు చొప్పున ఎక్కువ ఉండాలి.

ఎవరో ఒకరు వట్టివేళ్ల తడక సలహా ఇస్తారు కాబట్టి అదీ చెబుతాను. మా వైపు పొడి వేడికి తడిపిన వట్టివేళ్లు గొప్పగా పనిచేస్తాయి. మీకు వడగాడ్పు వీచే రోజుల్లో సరే, గాలిలో తేమ పెరిగిందంటే ఉక్కపోత ఇంకా ఎక్కువవుతుంది.

బందరు అక్క:

వెదురు చాప మంచి మాట. అది కట్టాక లోపల మందపాటి కర్టెన్ అవసరం ఉండదు, కాబట్టి అందం సంగతి నేను చెబుతాను. కర్టెన్ రాడ్ కిటికీ కంటే రెండు వైపులా అడుగు పొడవుగా పెట్టించమ్మా. పగలు కర్టెన్లు గోడ మీదికి జరిగిపోతాయి, కిటికీ మొత్తం ఖాళీగా ఉంటుంది. గుడ్డ పెడన కలంకారీ తీసుకో. ఆ కరక్కాయ రంగులూ, ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి చేసే కాసీం నలుపూ వెలుతురు పడితే గదికే కళ వస్తుంది. కానీ సహజ రంగులు ఎండకి వెలుస్తాయి, పసుపు మరీ త్వరగా. అందుకని కిటికీ వైపు తెల్ల నూలు గుడ్డ లైనింగ్ తప్పకుండా వేయించు.

గట్టు మీద కుండీలు మాత్రం వద్దు. కింద జనం నడిచే దారి, పైనుంచి చిన్న కుండీ పడినా ప్రాణం మీదికొస్తుంది. పైగా నీళ్లు కారి గోడంతా చారలు. రాధామనోహరం తీగని కింద నేలలోనే నాటి, గోడకి కాస్త ఎడంగా కట్టిన తీగల మీద పైకి పాకించు. రెండో ఏడాదికి మేడ అందుకుంటుంది. సాయంత్రం తెల్లగా విచ్చుకుని మర్నాటికి గులాబీ, తర్వాత ఎరుపు. రాత్రి వాసన గదిలోకి వస్తుంది. అత్తయ్యగారికి చేతికి అందే దూరంలో పూలుంటాయి. ఏటా కత్తిరించకపోతే కిటికీనే కప్పేస్తుంది, అది గుర్తుంచుకో.

విశాఖ డాబా:

గాలి సంగతి ఎవరూ రాయలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వైపు ఎన్ని ఇళ్ల అద్దాలు పగిలాయో చూసినవాణ్ణి, అందుకే చెబుతున్నాను. మీ ఊళ్లోనూ మేలో సాయంత్రాలు హఠాత్తుగా గాలివాన లేస్తుంది. చాప కింది అంచులో సన్నటి పైపు దూర్చి, రెండు చివర్లా తాళ్లతో గ్రిల్‌కి కట్టండి. పైకెత్తే తాడు కప్పీ మీదుగా లోపలికి రావాలి, ఎవరూ సన్‌షేడ్ ఎక్కే పని ఉండకూడదు. ఆకాశం మబ్బు పడితే వెంటనే చుట్టేయాలి. తుఫాను హెచ్చరిక వస్తే చాపని విప్పి లోపల పెట్టాల్సిందే.

చిన్నపిల్లలు ఉంటే గ్రిల్ ఊచల మధ్య సందు నాలుగు అంగుళాలు దాటకుండా చూసుకోండి. మంచం కిటికీకి ఆనించవద్దు.

బెజవాడ మేడ:

అందరికీ చాలా థాంక్స్ అండీ. సివిల్ గారూ, మీ లెక్క కాగితం మీద గీసి అత్తయ్యగారికి చూపించాను. కుర్చీలో కూర్చుని, అడుగున్నర ఎత్తులో నన్ను చీర అడ్డం పట్టుకోమని, దాని కిందనుంచి చూసి సరే అన్నారు. దసరా దీపాలు చూడాలంటే రాత్రి చాప ఎత్తేస్తే సరిపోతుంది. ఒక్క సందేహం: కిటికీకి దోమల మెష్ ఉంది. తాడు లోపలికి ఎలా తేవాలి?

విశాఖ డాబా:

మెష్ కోయకండి. బుట్ట దించే చిన్న తలుపు ఉందన్నారు కదా, తాడు కొసని ఆ తలుపు పక్క ఊచకి కట్టించండి. అక్కడ మెష్ ఎలాగూ తెరుచుకునేదే అయి ఉంటుంది. తాడు నైలాన్‌ది తీసుకోండి, నూలుతాడు ఎండకీ వానకీ చివికిపోతుంది.

బెజవాడ మేడ:

అవునండీ, అక్కడ వెల్క్రో మెష్. ఆదివారం కొక్కేలు పెట్టే మనిషి వస్తున్నాడు. రాధామనోహరం తొలకరి పడగానే నాటతాం, అక్కా.