ఆకు గుర్తున్న వైన్ తాగితే లివర్‌కి ఇబ్బంది ఉండదా?

లూకన్ అమ్మాయి:
అందరికీ నమస్కారం. మేం డబ్లిన్‌లో ఉంటాం. మా వారికి ఈ మధ్య టెస్టుల్లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. శనివారాలు రెడ్ వైన్ తాగే అలవాటుంది. మానేయమంటే "ఆర్గానిక్‌కి మారతాలే" అంటున్నారు. నిన్న షాపులో రెండు సీసాలు చూశాం. ఒకదాని మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ. రెండోదాని వెనక ఎర్ర అక్షరాలతో క్యాన్సర్, లివర్ జబ్బు అని హెచ్చరిక. దాన్ని చూడగానే పక్కన పెట్టేసి ఆకు బొమ్మదే తీసుకున్నారు. నిజంగా తేడా ఉంటుందా? నాకు టెన్షన్‌గా ఉంది.

కౌంటర్ దగ్గర:
అక్కా, నేను ఇక్కడే ఒక వైన్ షాపులో పని చేస్తున్నాను. లివర్ విషయంలో ఏ తేడా లేదు.

ఆ ఆకు యూరప్ ఆర్గానిక్ గుర్తు. అది చెప్పేది ద్రాక్షతోట సంగతి. తోటలో కృత్రిమ పురుగుమందులు, కలుపుమందులు వాడలేదని అర్థం. రాగి, గంధకం మందులు పరిమితిలో కొట్టొచ్చు. (మన రైతులు కొట్టే రాగి మందు బోర్డో మిశ్రమం పుట్టింది ఫ్రాన్స్‌లోని బోర్డో ద్రాక్షతోటల్లోనే.) వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్ల పరిమితి కూడా తక్కువ. తీపి లేని రెడ్ వైన్‌కి మామూలుగా లీటరుకు 150 మిల్లీగ్రాములైతే, ఆర్గానిక్‌కి 100. నేలకు, తోటలో పనిచేసే కూలీలకు ఇది మేలే, కాదనను. కానీ ఆల్కహాల్ ఒక్క గ్రాము కూడా తగ్గదు.

లెక్క చూడండి. 13.5 శాతం అని రాసి ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 80 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. గ్రాముకు 7 క్యాలరీల చొప్పున ఒక్క ఆల్కహాల్ నుంచే 560 క్యాలరీలు. ఆకు ఉన్నా లేకపోయినా ఇదే లెక్క.

ఇక ఆ ఎర్ర అక్షరాల సంగతి. ఐర్లాండ్ ప్రభుత్వం 2023లో ఈ హెచ్చరికల నిబంధనలు తెచ్చింది. 2026 మేలో అమల్లోకి రావాల్సింది, 2028 సెప్టెంబరుకు వాయిదా వేశారు. కొందరు తయారీదారులు ముందే ముద్రించేశారు, మిగతావాళ్లు ముద్రించలేదు. అందుకే ఒకే అరలో హెచ్చరిక ఉన్నదీ లేనిదీ పక్కపక్కనే కనిపిస్తున్నాయి. లేనిదాన్ని చూసి "ఇది మంచిది" అనుకుని తీసుకెళ్లేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను. ఈ వాయిదా వల్ల జరుగుతున్న అసలు నష్టం ఇదే. అన్ని సీసాల మీదా ఉంటే జనం పోల్చుకునేది ఆల్కహాల్ శాతాన్నే.

టొరంటో శ్రీను:
హెచ్చరిక రాస్తే ఎవరు చదువుతారులే అనుకోకండి. ఇక్కడ కెనడాలో యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌లో 2017 నవంబరులో ప్రభుత్వ మద్యం దుకాణంలో క్యాన్సర్ హెచ్చరిక స్టిక్కర్లు అంటించారు. కంపెనీల ఒత్తిడితో నెల తిరక్కుండానే ఆపేశారు. తర్వాత క్యాన్సర్ మాట తీసేసి మిగతావి కొనసాగించారు. ఇంత జరిగినా స్టిక్కర్లు అంటించిన సరుకు అమ్మకాలు సుమారు 6, 7 శాతం తగ్గాయని పరిశోధకులు తేల్చారు.

శాకాహారి:
కాస్త పక్క విషయం. వైన్ తేటపడటానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రొటీను, చేప గాలితిత్తి నుంచి తీసిన పదార్థం వాడతారు. యూరప్‌లో గుడ్డు, పాలు ఆనవాళ్లు మిగిలితే లేబుల్ మీద చెప్పాలి. చేప పదార్థానికి ఆ నియమం లేదు. ఆర్గానిక్ అయినంత మాత్రాన శాకాహారం కాదు, జంతు పదార్థాలేవీ వాడలేదని చెప్పే వీగన్ గుర్తు విడిగా చూసుకోండి.

లూకన్ అమ్మాయి:
చాలా థాంక్స్. సీసా వెనక క్యూఆర్ కోడ్ కూడా ఉంది. అందులో ఏమైనా ఉపయోగపడేది ఉంటుందా?

కౌంటర్ దగ్గర:
ఉంటుందక్కా. 2023 డిసెంబరు 8 తర్వాత తయారైన వైన్లకు యూరప్‌లో క్యాలరీలు లేబుల్ మీదే ఉండాలి. ఏమేం కలిపారు, చక్కెర ఎంత అనేవి కోడ్‌లో పెట్టుకోవచ్చు. షాపులో దాన్ని స్కాన్ చేసేవాళ్లు దాదాపు కనపడరు. మీరు చేయండి. ముఖ్యంగా ఆల్కహాల్ తీసేసిన వైన్ కొంటే చేయండి, రుచి కోసం కొన్నిటిలో చక్కెర ఎక్కువ వేస్తారు, ఫ్యాటీ లివర్‌కి అదీ మంచిది కాదు. శనివారం గ్లాసు ఉండాలా వద్దా అన్నది మాత్రం ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీరే అడగండి, అన్నయ్య పక్కన ఉండగానే.