సెపిలాక్‌లో తల్లి ఒరాంగుటాన్ పిల్లకి తినిపించదేంటి?

కేఎల్_తెలుగోడు:
మొన్న ఫ్యామిలీతో బోర్నియో దీవిలో మలేషియా వైపున్న సబా వెళ్ళి, ఒరాంగుటాన్లని (తోకలేని పెద్ద కోతుల్ని) పెంచి అడవిలో వదిలే సెపిలాక్ రీహాబ్ సెంటర్ చూసొచ్చాం. పొద్దున పది గంటల ఫీడింగ్‌కి ఒక తల్లి పిల్లని పొట్టకి కరుచుకుని తాడు మీద వచ్చింది, అరటిపండు నములుతుంటే పిల్ల దాని పెదాలు పట్టుకుని లాగి లాగి తింటోంది గానీ తల్లి మాత్రం ఒక్క ముక్క చేతికివ్వలేదు. మా అమ్మ "ఇదేం తల్లిరా" అని ఒకటే గొణుగుడు. స్టాఫేమో పళ్ళు కుమ్మరించి వెళ్ళిపోయారు. తల్లిలేని పిల్లలకైతే సీసాతో పాలు పట్టి మరీ పెంచుతారట, ఇక్కడెందుకు పట్టించుకోరు?

అడవిపిచ్చోడు:
అమ్మగారికి నచ్చజెప్పండి బ్రో 😀 అవి చేత్తో తినిపించడం తక్కువ, లాక్కుంటే మాత్రం చాలావరకు ఊరుకుంటాయి. అలా తల్లి నోట్లోది తింటూనే ఏది తినొచ్చో పిల్లకి తెలుస్తుంది. ఆరేడేళ్ళు తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది, అందుకే కాన్పుకీ కాన్పుకీ మధ్య అంత గ్యాప్. ఇక స్టాఫ్ దగ్గరికెళ్తే మన జలుబులు, టీబీ వాటికి అంటుకుంటాయి, తల్లి ఉన్నప్పుడు ఆ రిస్కెందుకు?

చెట్టుకొమ్మ:
తల్లి లేకపోతే ఆ చాకిరీ అంతా మనుషులదే. అదే దీవిలో ఇండోనేషియా వైపు సెంట్రల్ కాలిమంతాన్‌లో న్యారు మెంటెంగ్ అని 1999లో పెట్టిన సెంటర్ ఉంది, అక్కడ బేబీసిట్టర్లు అనాథ పిల్లల్ని రోజూ అడవి బడికి తీసుకెళ్ళి చెట్లెక్కిస్తారు, ఏం తినాలో చూపిస్తారు. అన్నిట్లోకీ గూడు కట్టడం కష్టం. తల్లయితే సాయంత్రం కాగానే కొమ్మలు వంచి, ఒకదాంట్లో ఒకటి ఇరికించి, పైన ఆకులు పరిచి పడక వేస్తుంది, పక్కనున్న పిల్ల కూడా చిన్న రెమ్మలు వంచుతూ ఆడుకుంటుంది, అలా ఆడీ ఆడీ కొన్నేళ్ళకి చేయి తిరుగుతుంది. మనుషులు ఎంత నేర్పినా అంత బాగా రాదని నా ఫీలింగ్.

కేఎల్_తెలుగోడు:
ఓహో. మరి ఈ తల్లి కూడా ఒకప్పుడు సీసాపాలు తాగిందేనా?

అడవిపిచ్చోడు:
అయ్యుండొచ్చు, 1964లో ఆ సెంటర్ పెట్టిందే అనాథ పిల్లల కోసం. పెంచి అడవిలో వదిలేసినవే చాలావరకు ఇలా పిల్లల్ని వేసుకుని వస్తుంటాయి. రోజూ ఇంచుమించు అవే పళ్ళు పెట్టేది కూడా కావాలనే, విసుగొచ్చి సొంతంగా వెతుక్కుంటాయని. అడవిలో పళ్ళ సీజన్ బాగుంటే ఒక్కటి కూడా రాకపోవచ్చు, అప్పుడు స్టాఫ్ ఖుష్, టికెట్ కొన్నోళ్ళు ఫసక్ 😂 మీకు తల్లీపిల్లా కనపడ్డాయి, లక్కీ!