మా అమ్మాయిని మినెసోటాలో పార్టీ డెలిగేట్‌ని చేశారట. నిజంగా అంత సులువా?

ఉక్కు రిటైర్డ్, గాజువాక:

అందరికీ నమస్కారం. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను. యూనియన్‌లో తిరిగినవాణ్ణి కాబట్టి డెలిగేట్ అనే మాట నాకు కొత్త కాదు. మా దగ్గర మహాసభకు పేరు వెళ్లాలంటే ఏళ్ల తరబడి గేటు మీటింగుల్లో నిలబడాలి, చందా పుస్తకాలు మోయాలి, అరెస్టులకు వెళ్లాలి. 2015 ఏప్రిల్‌లో సీపీఎం అఖిల భారత మహాసభలు మన విశాఖలోనే జరిగాయి. సీతారాం ఏచూరి ప్రధాన కార్యదర్శి అయింది ఆ సభల్లోనే. నేను వాలంటీరుగా భోజనాల దగ్గర పనిచేశాను. మెడలో డెలిగేట్ బ్యాడ్జి ఉన్న మనిషి వస్తే కుర్చీ లాగి వేసేవాళ్లం.

ఇప్పుడు అసలు సంగతి. మా అమ్మాయి మినియాపొలిస్ శివార్లలో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈమధ్యే పౌరసత్వం వచ్చింది. పక్కింటావిడ రమ్మంటే ఏదో కాకస్‌కి వెళ్లిందట. రాత్రి ఫోన్ చేసి "నాన్నా, నేను డెలిగేట్‌ని" అంది. "అక్కడ నిన్నెవరూ ఎరగరు కదమ్మా, ఎలా చేశారు?" అంటే, "ఎవరుంటారు అని అడిగారు, చెయ్యెత్తాను" అంది. నేను నమ్మలేదు. వాళ్లమ్మకేమో టెన్షన్. ఎవరైనా డబ్బు కట్టమంటారా, ఉద్యోగానికి ఇబ్బందా, రేపు అధ్యక్షుణ్ణి ఎన్నుకోవడానికి ఈ పిల్ల వెళ్లాలా అని ఒకటే గోల. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

లాసన్స్‌బే కోడలు:

బాబాయ్ గారూ, మీ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. నేను సెయింట్ పాల్ పక్కన చాలా ఏళ్లుండి, అత్తయ్య కోసం వైజాగ్ వచ్చేశాను. నన్నూ ఇలాగే చేశారు, 2016లో.

వాళ్ల ప్రిసింక్ట్ అంటే మన పోలింగ్ బూత్ పరిధి అనుకోండి. జీవీఎంసీ వార్డు కంటే బాగా చిన్నది. సరిసంఖ్య ఏడాది వస్తే ఎన్నికలకు ముందు ఒక మంగళవారం రాత్రి ఏడింటికి, ఆ పరిధిలో ఉన్న పార్టీ అభిమానులు ఏ స్కూలు గదిలోనో చేరతారు, ఆ సభే కాకస్. రెండు పెద్ద పార్టీలూ విడివిడిగా పెట్టుకుంటాయి. మినెసోటాలో డెమొక్రాట్లని డీఎఫ్ఎల్ అంటారు, అంటే డెమొక్రటిక్, ఫార్మర్, లేబర్. రైతులు, కార్మికుల పార్టీ ఒకటి ఉండేది, 1944లో డెమొక్రాట్లతో కలిసిపోయింది. ఆ పేరు మీకు నచ్చుతుందిలెండి.

అక్కడ సభ్యత్వ రసీదు అడగరు. ఆ ప్రిసింక్ట్‌లో ఉండాలి, నవంబర్ ఎన్నికలో ఓటు వేసే అర్హత ఉండాలి, ఈ పార్టీ సిద్ధాంతాలతో నాకు ఏకీభావం ఉందని సంతకం పెట్టాలి. అంతే. పాత కార్యకర్తా, నిన్న వచ్చినవాడా అనే తేడా ఉండదు. గదిలో ఒక కవరు చేతులు మారుతూ వస్తుంది, ఇష్టమైతే డాలరో రెండో వేస్తారు, వెయ్యకపోయినా ఎవరూ అడగరు.

ఇక డెలిగేట్ల సంగతి. ప్రతి ప్రిసింక్ట్‌కీ ఇన్ని సీట్లు అని ముందే లెక్క వేసి పంపుతారు. చాలాచోట్ల సీట్లు ఎక్కువ, కూర్చునే మనుషులు తక్కువ. 2016 మార్చి 1న మా స్కూలు బయట కార్లు ఆగిపోయేంత జనం వచ్చారు. అప్పటికి అధ్యక్ష అభ్యర్థి ఓటు కూడా కాకస్‌లోనే వేసేవాళ్లు. శాండర్స్, హిల్లరీ పోటీ కాబట్టి ఆ ఊపు. చీటీ మీద పేరు రాసి పెట్టెలో వేశారు, వెళ్లిపోయారు. తీర్మానాలు, డెలిగేట్ల ఎన్నిక మొదలయ్యేసరికి గది దాదాపు ఖాళీ. మిగిలినవాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. "ఎవరుంటారు?" అన్నాడు గది నడిపే ఆయన. చేతులెత్తిన అందరికీ సీటు వచ్చింది, ఇంకా మిగిలాయి కూడా. మా రాష్ట్రంలో ఆ రోజు శాండర్స్ గెలిచాడని పేపర్లు రాశాయి. నాకు మాత్రం ఓటు వేసినవాళ్లు వేరు, పైకి వెళ్లినవాళ్లు వేరు అని అప్పుడే అర్థమైంది. ఆ రద్దీ చూశాకే అధ్యక్ష పదవి ఓటుని అక్కడ ప్రైమరీకి, అంటే మామూలు ఎన్నికలా బూత్‌లో వేసే పార్టీ ఓటుకి, మార్చారు, 2020 నుంచి అది అమల్లో ఉంది. కాకస్ మాత్రం ఉంది, డెలిగేట్ల మెట్లన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

కాబట్టి ఇప్పుడు మీ అమ్మాయి ఎక్కింది మొదటి మెట్టు. తర్వాతిది సెనేట్ డిస్ట్రిక్ట్ (రాష్ట్ర ఎగువసభ నియోజకవర్గం) కన్వెన్షన్, అంటే మీ మహాసభ లాంటిది. కొన్నిచోట్ల కౌంటీది, అంటే మన జిల్లా లాంటిది. అలాంటి సెనేట్ డిస్ట్రిక్టులు రాష్ట్రంలో 67 ఉన్నాయి. అక్కడ నెగ్గితే కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్ (మన ఎంపీ నియోజకవర్గం లాంటిది), రాష్ట్ర కన్వెన్షన్. ఈ ఏడాది అధ్యక్ష ఎన్నిక లేదు కదా, గవర్నర్ లాంటి పదవులకు పార్టీ ఎవరిని బలపరచాలో తేల్చడమే పని. అధ్యక్ష ఎన్నిక ఉన్న ఏడాదైతే ఈ మెట్ల మీదే పైకెళ్లి కొందరు పార్టీ అధ్యక్ష అభ్యర్థిని తేల్చే జాతీయ కన్వెన్షన్‌కి డెలిగేట్లు అవుతారు. పిన్నిగారికి చెప్పండి, అధ్యక్షుణ్ణి మీ పిల్ల ఎన్నుకోనక్కర్లేదు, ఇప్పట్లో.

అసలు రాజకీయం రెండో మెట్టు దగ్గర మొదలవుతుంది. స్కూలు జిమ్‌లో వందల మంది. అక్కడ డీఎఫ్ఎల్ వాళ్లది వాకింగ్ సబ్‌కాకస్ అనే పద్ధతి. ఎవరైనా మైకు దగ్గరికెళ్లి ఒక గుంపు పేరు చెప్పవచ్చు: ఫలానా అభ్యర్థి, ఫలానా అంశం. ఒకడు స్కూళ్లంటాడు, ఒకడు నదుల కాలుష్యం, ఒకడు కార్మిక సంఘాలు. తర్వాత అందరూ లేచి తమకు నచ్చిన గుంపు దగ్గర నిలబడతారు. పూర్ణా మార్కెట్లో కూరలవాళ్లు పిలిచినట్టు పిలుస్తారండీ, "ఇటు రండి, ఇంకో ముగ్గురైతే మాకు ఒక సీటు!" అని. లెక్కపెట్టాక తగినంత మంది లేని గుంపు రద్దవుతుంది. అందులోవాళ్లు ఇంకో గుంపులోకి నడవాలి. బేరాలు జరిగేది అప్పుడే: "మా పదిమందీ మీవైపు వస్తాం, మీ డెలిగేట్లలో ఒకరు మావాళ్లు." చివరికి గుంపు బలాన్ని బట్టి రాష్ట్ర డెలిగేట్ సీట్లు పంచి, ఎవరు వెళ్లాలో ఆ గుంపులో వాళ్లే ఎన్నుకుంటారు. అక్కడ అర నిమిషంలో "నన్నెందుకు పంపాలి" అని చెప్పుకోవాలి. ముఖం తెలిసినవాళ్లు నెగ్గుతారు. అందుకే మీ అమ్మాయి తనకు నచ్చిన అభ్యర్థి ప్రచారం వాళ్లకి ముందే ఫోన్ చేసి, నేను డెలిగేట్‌ని అని చెప్పాలి. వాళ్ల దగ్గర లిస్టులుంటాయి, వాళ్లే ఎగిరి గంతేసి పలకరిస్తారు.

ఉద్యోగం గురించి భయం వద్దు. పది రోజుల ముందు రాతపూర్వకంగా చెబితే కాకస్‌కి సెలవు ఇవ్వాలని ఆ రాష్ట్ర చట్టంలోనే ఉంది. కన్వెన్షన్ డెలిగేట్లకీ అలాంటి హక్కుంది. ఆ గంటలకు జీతం మాత్రం కోసుకోవచ్చు.

ఖర్చు జాతీయ స్థాయిలో కనబడుతుంది. విమానం, హోటల్ ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. 2024 ఆగస్టులో డెమొక్రాట్ల కన్వెన్షన్ చికాగోలో నాలుగు రోజులు జరిగింది, ఆ వారంలో హోటల్ గది ధర ఊహించుకోండి. పైగా డెమొక్రాట్లలో ఆడవాళ్లు, మగవాళ్లు సమానంగా ఉండాలని నియమం, అభ్యర్థి మనుషులు పేర్లు చూసి అభ్యంతరం ఉంటే కొట్టేయవచ్చు. అక్కడ చెయ్యెత్తితే సీటు రాదు.

సిరిపురం ప్లీడర్:

చదవడానికి బాగుంది. మన దగ్గర పార్టీ పైవాళ్ల సంతకంతో బీ-ఫారం వస్తుంది. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడింటిలోపు రిటర్నింగ్ అధికారి టేబుల్ మీద పడాలి. ఒకడి కోసం ఊరంతా ఫ్లెక్సీలు కట్టాక, మధ్యాహ్నం ఇంకొకడు ఫారంతో దిగుతాడు. కార్యకర్తని అడిగే నాథుడు లేడు. కానీ అక్కడ మాత్రం ఏముంది? జనం ఓటు ఒకరికి వేస్తే డెలిగేట్లు ఇంకొకరి వెనక పోయిన కథ అయోవాలో జరిగింది కదా. గదిలో చివరిదాకా కూర్చునే ఓపికున్న పదిమంది చేతిలో పార్టీని పెట్టడం ప్రజాస్వామ్యం ఎలా అవుతుంది?

లాసన్స్‌బే కోడలు:

ప్లీడర్ గారూ, మీరంటున్నది 2012లో రిపబ్లికన్లు అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకున్నప్పటి సంగతి. అయోవా కాకస్ రాత్రి రోమ్నీ 8 ఓట్లతో గెలిచాడన్నారు, తర్వాత సరిచూస్తే శాంటోరమ్ 34 ఓట్ల ఆధిక్యంలో ఉన్నాడు. రాన్ పాల్ మూడోవాడు. కానీ పాల్ మనుషులు ప్రతి ప్రిసింక్ట్‌లోనూ చివరిదాకా కూర్చుని డెలిగేట్లయ్యారు, కౌంటీ, జిల్లా, రాష్ట్రం దాకా ఆ వరస వదల్లేదు. ఆగస్టులో టాంపా జాతీయ కన్వెన్షన్‌కి వెళ్లేసరికి అయోవా 28 ఓట్లలో 22 పాల్‌కి పడ్డాయి. అప్పటి నియమాల ప్రకారం అది తప్పు కాదు, ఎందుకంటే ఆ రాత్రి లెక్కపెట్టిన ఓటుకి డెలిగేట్లు కట్టుబడక్కర్లేదు. పార్టీ పెద్దలకి ఒళ్లు మండి తర్వాత నియమాలు మార్చారు, ఇప్పుడు రాష్ట్రంలో వచ్చిన ఓట్లకు డెలిగేట్లు కట్టుబడాలి.

మీ ప్రశ్నలో న్యాయముంది. రాత్రి షిఫ్టు నర్సు, చంటిపిల్లల తల్లి, చలిలో బస్సు దిగి నడవలేని పెద్దాయన ఆ గదిలో ఉండరు. ఆ రోజు సాయంత్రం ఆరు తర్వాత స్కూళ్లలో కార్యక్రమాలు పెట్టకూడదని మినెసోటాలో చట్టం ఉన్నా, ఇంట్లో పని ఆగదు కదా. నా అభిప్రాయం అడిగితే, అధ్యక్షుడి ఓటుని ప్రైమరీకి మార్చి మంచిపని చేశారు. డెలిగేట్ల ఎన్నిక మాత్రం గదిలోనే ఉండాలి, ఎందుకంటే మాట్లాడుకోకుండా తీర్మానం రాయలేరు.

ఇంకో సంగతి. డెలిగేట్ల మాటే చివరిమాట కాదు. డీఎఫ్ఎల్ ఎండార్స్‌మెంట్‌కి, అంటే పార్టీ అధికారికంగా బలపరచడానికి, 60 శాతం డెలిగేట్లు కావాలి. 2018లో గవర్నర్ పదవికి అది ఎరిన్ మర్ఫీకి దక్కింది. ఆగస్టు ప్రైమరీలో జనం టిమ్ వాల్జ్‌ని గెలిపించారు. తర్వాత కమలా హారిస్ పక్కన ఉపాధ్యక్ష పదవికి నిలబడింది ఆ వాల్జే. కాబట్టి గదిలో కూర్చున్నవాళ్లు పార్టీని పూర్తిగా ఎత్తుకుపోలేరు.

మధురవాడ టెకీ:

మా తమ్ముడు డాలస్‌లో హెచ్1బీ మీద ఉన్నాడు. వాడు వెళ్లొచ్చా? ఇంకోటి, మా అక్క కొడుకు అక్కడే పుట్టాడు, ఇప్పుడు పద్దెనిమిది నిండాయి, ఇక్కడే గీతంలో చదువుతున్నాడు. వాడికేమైనా దారి ఉందా?

లాసన్స్‌బే కోడలు:

తమ్ముడికి నా సలహా ఒకటే, ఓటు హక్కు ఉందని రాసి ఉన్న ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. గ్రీన్ కార్డు ఉన్నా డెలిగేట్ అవ్వడానికి అది చాలదు. పౌరుణ్ణని తప్పుగా రాస్తే దేశం నుంచి పంపించేసేదాకా వెళ్తుంది. హెచ్1బీ వాళ్లు ప్రచారానికి చందా ఇవ్వడమూ నిషేధమే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఇవ్వచ్చు.

అక్క కొడుకు పౌరుడు కాబట్టి వాడి దారి వేరు. విదేశాల్లో ఉండే డెమొక్రాట్లకి డెమొక్రాట్స్ అబ్రాడ్ అని ఒక సంఘం ఉంది. పార్టీ దాన్ని ఒక రాష్ట్రంలాగే లెక్కేస్తుంది, సొంతంగా ప్రైమరీ పెట్టుకుని జాతీయ కన్వెన్షన్‌కి డెలిగేట్లని పంపుతుంది. 2028లో ఎండాడలో కూర్చునే వాడు పోటీలో ఉండవచ్చు. రిపబ్లికన్ల వైపు విదేశాల్లోని వాళ్లకి అలా డెలిగేట్ సీట్లు లేవు.

ఉక్కు రిటైర్డ్, గాజువాక:

తల్లీ, చాలా విషయాలు తెలిశాయి. రాత్రి అమ్మాయికి చదివి వినిపించాను. ఆ నడిచే గుంపుల సంగతి విని, మా ప్యానెల్ పద్ధతి కంటే ఇదే నయమేమో అనిపించింది. మా దగ్గర పైనుంచి ప్యానెల్ వస్తుంది, మేం చేతులెత్తుతాం, అంతే. ఇంకో సందేహం. కాకస్‌లో అమ్మాయి ఒక తీర్మానం కూడా పెట్టిందట, పనిచేసే తల్లులకి పిల్లల సంరక్షణ ఖర్చు గురించి. గదిలో పాసైందట. దాన్ని ఇక మర్చిపోవాల్సిందేనా?

లాసన్స్‌బే కోడలు:

మర్చిపోవద్దు బాబాయ్ గారూ. ప్రిసింక్ట్‌లో పాసైనవన్నీ సెనేట్ డిస్ట్రిక్ట్ కన్వెన్షన్‌కి వెళ్తాయి. ఒకే విషయం మీద చాలా ప్రిసింక్ట్‌ల నుంచి వస్తే కలిపేస్తారు. అక్కడ డెలిగేట్లు ఓటేస్తే రాష్ట్ర పార్టీ దాకా పోతుంది. అమ్మాయిని అదే విషయం రాసిన మిగతా ప్రిసింక్ట్‌ల వాళ్లని వెతికి పట్టుకోమనండి. సబ్‌కాకస్‌కి ఆ పేరే పెట్టుకుంటే గుంపు తయారు. కన్వెన్షన్ శనివారం పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగుతుంది. మధ్యలో ఇంటికి వెళ్లిపోతే ఆ సీటులో ఆల్టర్నేట్‌ని, అంటే బదులు మనిషిని, కూర్చోబెడతారు. ఫోన్ చార్జరు, పులిహోర డబ్బా పట్టుకెళ్లమనండి, అక్కడ అమ్మేది చల్లారిన పిజ్జా.