క్యోటోలో తాజా మోచి: దెమాచి ఫుతాబాకు వెళ్లేవారికి సూచనలు కావాలి

ప్రశ్న:
ఏప్రిల్ మొదటి వారంలో అమ్మతో కలిసి క్యోటో వెళుతున్నాను. దెమాచియానాగి స్టేషనుకు దగ్గరలో 1899 నుంచి నడుస్తున్న దెమాచి ఫుతాబా అనే చిన్న మిఠాయి దుకాణంలో మామె మోచి (జిగురు బియ్యపు ముద్దలో బఠాణీలు కలిపి చేసే మిఠాయి) తినాలని ఎంతోకాలంగా కోరిక. మేమిద్దరం శాకాహారులం, అమ్మకు డెబ్బై ఏళ్లు దాటాయి. కాస్త ఎక్కువగా కొని, హోటల్ ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు టోక్యోకు తీసుకువెళ్లవచ్చా? అక్కడ వరుస చాలా పొడవుగా ఉంటుందని విన్నాను. అంతసేపు నిలబడడం సబబేనా?

మొదటి జవాబు:
సబబే, కానీ మర్నాటి ఆలోచన మానుకోండి. ఆవిరిపై ఉడికిన జిగురు బియ్యంలోని పిండిపదార్థం నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది, చల్లారుతున్నకొద్దీ ఆ నీటిని వదులుకుంటూ తిరిగి బిగుసుకుంటుంది. గడ్డకట్టే స్థితికి కొంచెం పైనుండే చల్లదనంలో ఈ మార్పు మరీ త్వరగా జరుగుతుంది కాబట్టి, ఫ్రిజ్‌లో పెట్టిన మోచి తెల్లవారేసరికి గట్టిపడిపోతుంది. సూపర్‌మార్కెట్లో దొరికే దైఫుకు (లోపల తీపి ముద్ద పెట్టిన మోచి) రోజుల తరబడి మెత్తగా ఉండడానికి కారణం అందులో కలిపే చక్కెర, ఎంజైములు. ఫుతాబా మోచిని మాత్రం ఆ రోజే తినాలి. వీధివైపు తెరిచి ఉన్న గల్లా వెనుక పనివారు చేత్తో చుడుతూ ఉండడం వరుసలోంచే కనిపిస్తుంది. పలుచని తెల్లటి పొరలోంచి ఎర్ర బఠాణీలు ఉబ్బి కనబడతాయి. కొరికితే ముందు వాటి ఉప్పదనం, ఆ తరువాతే లోపలి మెత్తని చిక్కుడు ముద్ద తీపి తెలుస్తాయి. నా దృష్టిలో ఆ ఉప్పే దాని ప్రాణం. మంగళవారం దుకాణానికి సెలవు. కొన్నాక కామో, తకానో నదులు కలిసే చోటికి నడిచి వెళ్లి తినవచ్చు, అయితే అక్కడి గద్దలు చేతిలోని తిండిని తన్నుకుపోతాయి, జాగ్రత్త.

రెండవ జవాబు:
శాకాహారం విషయంలో ఇబ్బంది ఉండదండీ. మామె మోచికి కావలసినవి ప్రధానంగా బియ్యం, గింజలు, చక్కెర, ఉప్పు మాత్రమే. మీరు వెళ్లేది చెర్రీ ఆకులో చుట్టే సకురా మోచి కాలం కూడా. క్యోటోలో దానిని ఉడికించి ఎండబెట్టిన జిగురు బియ్యపు రవ్వతో చేస్తారు, టోక్యోలో గోధుమపిండితో పోసిన పలుచని అట్టులో చుడతారు. రెండు ఊళ్లకూ వెళుతున్నారు కనుక రెండూ రుచి చూడండి. చుట్టూ ఉన్న చెర్రీ ఆకు ఉప్పులో ఊరినది, దానిని తినవచ్చు. మే నెల పండుగకు చేసే కషివా మోచికి చుట్టే ఓక్ ఆకును మాత్రం ఎవరూ తినరు.

మూడవ జవాబు:
అమ్మగారి గురించి ఒక మాట చెప్పాలి. జపానులో ప్రతి కొత్త సంవత్సరానికీ మోచి గొంతులో ఇరుక్కుని వృద్ధులు ప్రాణాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు, అందుకే అక్కడి అగ్నిమాపక శాఖలు ఏటా హెచ్చరిస్తుంటాయి. ముందు టీతో గొంతు తడుపుకుని, చిన్న చిన్న ముక్కలుగా తుంచి, కూర్చుని, మాట్లాడకుండా బాగా నమిలి తినమనండి. వరుసలో నిలబడడం ఆవిడకు కష్టమైతే, ఇమామియా ఆలయం పక్కనున్న ఇచివాకు తీసుకువెళ్లండి. క్రీ.శ. 1000లో మొదలైనదని చెప్పుకునే ఆ దుకాణంలో బొటనవేలంత మోచి ముక్కలకు సోయా పొడి అద్ది, వెదురు పుల్లలకు గుచ్చి, బొగ్గులపై కాల్చి, తియ్యని తెల్ల మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) పోసి టీతో పాటు ఇస్తారు. ముక్క చిన్నది, కూర్చునే వీలుంది, పొయ్యి మీంచి నేరుగా మీ ముందుకు వస్తుంది. ఇది సాధారణంగా బుధవారం తెరవరు కాబట్టి, గురువారం పెట్టుకుంటే ఒకే రోజులో రెండు దుకాణాలూ చూడవచ్చు.