గబ్బిలాల బూజుకు బ్యాక్టీరియా ఆవిర్లు: ప్లేట్‌లో పరీక్షించేదెలా?

ప్రశ్న (జైపూర్, కొరాపుట్ జిల్లా): గబ్బిలాలకు ఫంగస్ (బూజు) వల్ల వచ్చే తెల్లముక్కు జబ్బుకు అమెరికాలో రోడోకాకస్ రోడోక్రస్ అనే బ్యాక్టీరియా ఆవిర్లు వాడి చూశారు కదా. కాలేజీ ల్యాబ్‌లో చేయగలమా? గుప్తేశ్వర్ గుహలో పెట్టి చూడొచ్చా?

జవాబు 1 (రాయగడ): గుహ జోలికి వద్దండి. ఆ ఫంగస్ 12-16 డిగ్రీల చలిలో బాగా పెరుగుతుంది, 20 దాటితే ఆగిపోతుంది. చలినిద్రలో ఒళ్లు చల్లబడిన గబ్బిలాలనే పడుతుంది. మన గుహల్లో ఆ చలేదీ? అసలు ఫంగస్‌ను తెప్పించే ఆలోచనా మానండి, పరీక్షకు పెన్సిలియం అనే మామూలు బూజు చాలు.

మధ్యలో గోడ ఉన్న పెట్రీ ప్లేట్ తీసుకోండి. ఒక గదిలో బ్యాక్టీరియా గీసి 48 గంటలు పెరగనివ్వండి. రెండో గదిలో బంగాళాదుంప అగర్ (బూజు పెంచే జెల్లీ) మీద బూజు బీజాలు వేసి, ప్లేటు అంచుకు పారాఫిల్మ్ (సాగే మూత పొర) చుట్టండి. అగర్ గోడ ఎత్తు దాటితే ప్లేటు దండగే: మందు అగర్‌లోంచి పాకిందో గాల్లోంచి వచ్చిందో తేలదు.

జవాబు 2 (పర్లాకిమిడి): పై మాటకు చేర్పు. పెప్టోన్ (ప్రోటీన్ ముక్కల పొడి) ఎక్కువున్న మీడియాలో, అంటే బ్యాక్టీరియాకు వేసే మేతలో, అమ్మోనియా పుట్టి, అదే బూజును ఆపేస్తుంది. పక్కన తడి పీహెచ్ కాగితం పెట్టండి, నీలం తిరిగితే అనుమానించాలి. బ్యాక్టీరియా లేని ప్లేటూ, బూజును ఆపే ఆవిరి ఇవ్వని బ్యాక్టీరియా ప్లేటూ పోలికకు ఉండాలి. గట్టిగా మూస్తే ఆక్సిజన్ తగ్గినా పెరుగుదల మందగిస్తుంది మరి.

ప్రశ్నించినవారు: బూజు రాకపోతే చచ్చినట్టేనా?

జవాబు 1: కాదు. ఆ అగర్ ముక్కను కొత్త ప్లేటుకు మార్చండి. వారంలో మొలిస్తే ఆవిరి ఆపిందంతే, చంపలేదు.