గడ్డ కరిగిపోయింది, ఇంకా ఆపరేషన్ చేయించాలా? (రెక్టమ్, అంటే పెద్దపేగు చివరి భాగం క్యాన్సర్)

నర్సంపేట చిన్నోడు:
మా బాపుకు 61 ఏళ్లు. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతుంటే ఊళ్లో మొలలన్నారు. ఐదు నెలలు ఆ మందులే వాడాం. చివరికి వరంగల్‌లో ఒక సర్జన్ వేలు పెట్టి చూసి గడ్డ ఉందన్నారు, నిమిషం కూడా పట్టలేదు. ఆ ఐదు నెలలు తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కొలనోస్కోపీ, బయాప్సీ, ఎంఆర్ఐ చేశారు. మలద్వారానికి కొంచెం పైనే, బాగా కిందికి ఉన్న గడ్డ. వేరే అవయవాలకు పాకలేదు. హైదరాబాద్‌లో 28 రోజులు కరెంట్ (రేడియేషన్) పెట్టారు, దాంతోపాటు కెపాసిటబిన్ అనే కీమో గోళీలు, తర్వాత నాలుగు నెలలు కీమో. ఇప్పుడు స్కోప్‌లో తెల్లటి మచ్చ తప్ప ఏమీ లేదు. ఎంఆర్ఐలోనూ అంతే.

డాక్టర్ రెండు దారులు చెప్పారు. మలద్వారంతో సహా తీసేసి పొట్టకు జీవితాంతం మలం పడే సంచి పెట్టడం, లేదంటే ఆపరేషన్ లేకుండా గట్టిగా చెకప్‌లు చేస్తూ కనిపెట్టుకుని ఉండడం. అన్న ఆపరేషనే అంటున్నాడు. సంచి మాట విన్నప్పటి నుంచి బాపు సరిగా అన్నం ముట్టడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

పరకాల రైతు:
మీ అన్న మాటే నా మాట తమ్మీ. కంటికి కనిపించనంత మాత్రాన లోపల లేదని ఎట్లా నమ్ముతాం? మా మేనమామకూ ఇట్లాగే మాయమైందన్నారు. రెండు చెకప్‌లకు పోయాడు. మూడోసారి వరికోతలని ఆగాడు, తర్వాత పైసల్లేవని ఆగాడు. మళ్లీ రక్తం పడి పోయేసరికి లివర్‌కు పాకింది. చేతిలో ఉన్నప్పుడే తీయించు.

హన్మకొండ నర్స్:
అన్నా, మీ ఇంట్లో జరిగింది చదివి బాధేసింది. మూడో చెకప్ జరిగి ఉంటే చిన్నగా ఉన్నప్పుడే దొరికేదేమో. నేను క్యాన్సర్ వార్డులో పనిచేశాను, తెలిసింది రాస్తున్నా.

ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండే ఈ పద్ధతిని బ్రెజిల్‌లోని సావోపాలో సర్జన్ ఏంజెలిటా హాబర్-గామా ముందుకు తెచ్చారు. 2004లో ఆమె ఫలితాలు అచ్చయినప్పుడు చాలామంది సర్జన్లు నమ్మలేదు. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో పలు దేశాల లెక్క వచ్చింది. గడ్డ పూర్తిగా కరిగి, ఆపరేషన్ లేకుండా ఉన్న 880 మందిలో దాదాపు నాలుగో వంతు మందికి రెండేళ్లలో అదే చోట తిరిగి వచ్చింది. తిరిగి వచ్చినవాటిలో 97 శాతం పేగు గోడలోనే ఉన్నాయి. అంటే వేలికో స్కోప్‌కో అందే చోట. 88 శాతం మొదటి రెండేళ్లలోనే బయటపడ్డాయి. అప్పుడు ఎక్కువమందికి ఆపరేషన్ చేయగలరు. కానీ అట్లా తిరిగి వచ్చినవాళ్లలో వేరే అవయవాలకు పాకే ప్రమాదం ఎక్కువే, అది దాచను.

అందుకే ఆ రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి వేలి పరీక్ష, స్కోప్, సీఈఏ (క్యాన్సర్ జాడ చూసే) రక్తపరీక్ష తప్పవు. ఎంఆర్ఐ ఆరు నెలలకోసారి, ఊపిరితిత్తులు, లివర్ చూడడానికి సీటీ వేరుగా. రెండేళ్ల తర్వాత గడువు పెరుగుతుంది, కానీ ఐదేళ్ల వరకు వదలకూడదు. సీఈఏ వరంగల్‌లోనే చేయించవచ్చు. స్కోప్, ఎంఆర్ఐ మాత్రం మొదట చూసిన చోటే చేయించండి, పాత ఫిల్ములతో పోల్చాలి కదా. ఆ సీడీలు పారేయకండి.

కాజీపేట అక్క:
సంచి గురించి ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేను చెప్తా. ఆరేళ్లుగా నాకుంది. మొదటి రెండు నెలలు చర్మం మండి ఏడ్చాను. సంచిని చర్మానికి అంటించే ప్లేటుకు రంధ్రం పెద్దగా కత్తిరించడం వల్ల మలం చర్మానికి తగిలేది. స్టోమా నర్స్ (సంచి సంరక్షణ నేర్పే నర్స్) కొలిచి కత్తిరించడం నేర్పాక తగ్గింది. చీర కట్టుకుంటా, బస్సెక్కుతా, మేడారం జాతరకూ పోయి వచ్చా. బాపును సంచి భయంతో ఏదీ తేల్చుకోనీయకు తమ్ముడూ. నా దగ్గరికి తీసుకురా, చూపిస్తా.

పరకాల రైతు:
నర్సమ్మ లెక్కలు ఒప్పుకుంటా. కానీ ఆ 880 మందిలో నర్సంపేట నుంచి రెండు బండ్లు మారి పోవాల్సినవాళ్లు ఎందరుంటారు? ఒకరోజు పోతే ఇద్దరి కూలి పోతుంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలే, సరే. చెకప్ స్కాన్లు అందులో వస్తాయో లేదో దవాఖానలో ముందే అడుగు. మా మేనమామను ఓడించింది ఆ ఖర్చే.

నర్సంపేట చిన్నోడు:
అక్కా, నిన్న బాపును తీసుకుని మీ ఇంటికి వచ్చాక ఆయన మొదటిసారి కడుపునిండా తిన్నాడు. "మళ్లొస్తే సంచి పెట్టించుకుంట, రాకముందు వద్దు" అన్నాడు. అన్న వెంటనే ఒప్పుకోలేదు. రాత్రంతా మాట్లాడుకున్నాం. చివరికి ఒక్క షరతు పెట్టాడు, ఏ చెకప్ తప్పినా మర్నాడే ఆపరేషన్‌కు పోవాలని. బాపు సరేనన్నాడు. మొదటి రెండేళ్ల తారీఖులన్నీ క్యాలెండర్లో రాసి, మొదటి పత్తి పైసల్లోంచి చెకప్‌ల కోసం పక్కకు పెట్టాలనుకున్నాం.

పరకాల రైతు:
నేనైతే ఇప్పటికీ ఆపరేషన్‌కే అంటా. ఆ తారీఖులు నాకూ పంపు. వారం ముందు నేను ఫోన్ చేస్తా.