బ్యాంకాక్, సియెమ్ రీప్, హనోయి, సింగపూర్ ఒకే ట్రిప్పులో: డబ్బులు ఎలా తీస్కెళ్ళాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక అమ్మానాన్నల్ని తీసుకుని బ్యాంకాక్, అక్కణ్ణుంచి కంబోడియాలో సియెమ్ రీప్, తర్వాత వియత్నాంలో హనోయి, వచ్చేటప్పుడు సింగపూర్ అనుకుంటున్నాం, అన్నీ ఫ్లైట్లే. రాజమండ్రిలో మనీ ఛేంజర్‌ని అడిగితే డాలర్లు ఉన్నాయి, థాయ్‌లాండ్ బాత్ తెప్పిస్తా, వియత్నాం డబ్బు మాత్రం దొరకదు అన్నాడు. బ్యాంకువాళ్ళేమో ఫారెక్స్ కార్డ్ (విదేశీ డబ్బు ముందే వేసుకునే కార్డ్) తీసుకోమంటారు, తమ్ముడు క్రెడిట్ కార్డ్ చాలంటాడు, నాన్న మొత్తం క్యాషే పట్టుకెళ్దాం అంటారు. పెద్దవాళ్ళతో వెళ్ళొచ్చినవాళ్ళు ఉంటే కాస్త చెప్పండి.

ఉప్పుగాలి_వైజాగ్:
డాంగ్ (వియత్నాం డబ్బు) దొరకలేదని కంగారు పడకండి, ఇక్కడ దొరికినా రేటు దారుణంగా ఉంటుంది. ఈ రూట్‌కి డాలర్లే మేలు. కంబోడియాలో ఎలాగూ డాలర్లే నడుస్తాయి, హోటలు, టుక్‌టుక్, అంగ్‌కోర్ గుళ్ళ టికెట్ అన్నీ డాలర్లలోనే చెప్తారు (ఒక్కరోజు పాస్ 37, మూడ్రోజులది 62, అక్కడ కార్డ్ కూడా తీసుకుంటారు). డాలర్ కన్నా తక్కువ చిల్లర వాళ్ళ రియల్స్‌లో ఇస్తారు, 4 వేల రియల్స్ అంటే దాదాపు ఒక డాలర్ అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. మనీ ఛేంజర్ నోట్లు ఇచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే ఒక్కోటీ వెలుగులో పెట్టి చూడండి. అంచు కాస్త చిరిగినా, పెన్ను గీత ఉన్నా, ఎవరో స్టాంపు గుద్దినా కంబోడియాలో తీసుకోరు, అటూఇటూ తిప్పి చూసి నవ్వుతూ వెనక్కి ఇచ్చేస్తారు. వందలు అయితే 2013లో వచ్చిన నీలం పట్టీ నోట్లే అడగండి. టుక్‌టుక్‌లకీ టిఫిన్లకీ ఒకట్లు, ఐదులు కూడా కొన్ని తీసుకోండి, పొద్దున్నే వంద నోటు ఇస్తే చిల్లర ఎవరి దగ్గరా ఉండదు.

కూకట్‌పల్లి_కాకా:
అన్నా, బ్యాంకాక్‌ల ఏటీఎం గురించి చెప్తా ఇను. మన కార్డ్ ఏదైనా సరే అక్కడి మెషీన్ ఒక్కోసారికి 220 బాత్‌లు కట్ చేస్తది, ఇప్పుడు కొన్నిట్ల 250 కూడా అయింది. రెండు వేల బాత్‌లు తీస్తే 220 అంటే 11 శాతం పాయె, అదే ఇరవై వేలు ఒకేసారి తీస్తే ఒక్క శాతం చిల్లర. అందుకని తీస్తే పెద్దగ తియ్యాలె, లేకుంటే తియ్యనే వద్దు.

ఇంకోటి, డబ్బులు వచ్చే ముందు స్క్రీన్ మీద రూపాయలల్ల లెక్క చూపించి కన్వర్షన్‌కి ఒప్పుకుంటారా లేదా అని రెండు బటన్లు ఇస్తది. మన రూపాయలు కనబడంగనే మనసు అటే పోతది, ఒత్తకు! ఆ రేటు ఆ మెషీనోళ్ళు పెట్టుకున్నది. వద్దు అనే ఒత్తు, డబ్బులు ఆగవు, వస్తయి, అప్పుడు మార్చేది నీ కార్డ్ నెట్‌వర్క్, అది చానా నయం. మాల్స్‌ల స్వైప్ మెషీన్ల కూడ గిదే కథ, షాపామె నిన్ను అడగకుండనే రూపాయలు ఒత్తేస్తది, బిల్లుల బాత్ అని ఉందో లేదో చూసినంకనే పిన్ కొట్టు.

క్యాష్ మార్చుడుకి సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్‌ల అరైవల్స్ కాడ కౌంటర్లల్ల మార్చకు, కింద బేస్‌మెంట్‌కి, రైల్ లింక్ దగ్గరికి దిగితే అక్కడున్న కౌంటర్లల్ల రేటు మస్తు బెటర్. పాస్‌పోర్ట్ చేతుల పెట్టుకో. వంద డాలర్ల నోటుకి ఒక రేటు, చిన్న నోట్లకి తక్కువ రేటు ఇస్తరు, అది కూడ యాదుంచుకో.

లెక్కల_మాస్టారు:
ఫారెక్స్ కార్డ్ మీద ఒక మాట. కార్డులో డాలర్లు వేసుకుని బ్యాంకాక్‌లో బాత్‌లలో గీస్తే చాలా బ్యాంకులు క్రాస్ కరెన్సీ ఛార్జి వేస్తాయి, కాబట్టి బాత్ వాలెట్, సింగపూర్ డాలర్ వాలెట్ విడిగా ఉన్న కార్డే తీసుకోండి. డాంగ్ వాలెట్ మామూలుగా ఉండదు. మామూలు క్రెడిట్ కార్డులో మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు ఛార్జి) మూడున్నర శాతం అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ కలిసి 4.13 అవుతుంది, అంటే లక్ష ఖర్చుపెడితే 4,130 రూపాయలు. మార్కప్ లేని కార్డులు ఇప్పుడు చాలానే ఉన్నాయి, మీ తమ్ముడి కార్డ్ అలాంటిదైతే ఆయన చెప్పింది కరెక్టే. కానీ క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో క్యాష్ మాత్రం తీయొద్దు, ఆ రోజు నుంచే వడ్డీ మొదలు.

నాన్నగారికి చెప్పండి, క్యాష్ రూపంలో మనిషికి ఒక ట్రిప్పుకి 3,000 డాలర్ల వరకే ఇస్తారు. టీసీఎస్ (విదేశాలకి పంపే డబ్బు మీద ముందే పట్టుకునే పన్ను) భయం పెట్టుకోకండి, ఏడాదిలో 10 లక్షలు దాటి పంపితేనే.

గోదారిగట్టు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. కార్డులు ఇక్కణ్ణుంచే ఆన్ చేసుకోవాలా? వియత్నాం సంగతి కూడా ఎవరైనా చెప్తారా?

పెన్నా_పిల్ల:
ఆన్ చేసుకోవాల్సిందే అక్కా. 2020 నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం కొత్త కార్డుల్లో ఇంటర్నేషనల్ ఆఫ్‌లోనే వస్తుంది, యాప్‌లో ఏటీఎం, స్వైప్, ఆన్‌లైన్ మూడూ విడివిడిగా ఉంటాయి, మూడూ చూసుకో. మన సిమ్‌కి రోమింగ్ కూడా ఎక్కేముందే ఆన్ చెయ్యి, లేకపోతే ఓటీపీ రాదు. మాకు సియెమ్ రీప్‌లో ఓ బ్యాంకు కార్డ్ అనుమానం వచ్చిందని బ్లాక్ చేసేసింది, కస్టమర్ కేర్ ఎత్తేసరికి రాత్రయిపోయింది, రెండో కార్డ్ అమ్మ బ్యాగులో ఉండబట్టి సరిపోయింది. అందుకే రెండు వేరే వేరే బ్యాంకుల కార్డులు, వేరే వేరే బ్యాగుల్లో. హోటల్ డిపాజిట్‌కి మాత్రం క్రెడిట్ కార్డే ఇవ్వు, ఫారెక్స్ కార్డ్ ఇస్తే ఆ బ్లాక్ చేసిన డబ్బు వెనక్కి రావడానికి రోజులు పడుతుంది.

ఇక వియత్నాం. అక్కడ ఐదు లక్షల డాంగ్‌ల నోటూ నీలమే, ఇరవై వేల నోటూ నీలమే! రెండూ ప్లాస్టిక్ నోట్లే, ఐదు లక్షలది కొంచెం పొడుగు, అంతే తేడా. ఒకటి మన డబ్బుల్లో పదహారు పదిహేడు వందలు, ఇంకోటి అరవై డెబ్బై రూపాయలు. రాత్రిపూట టాక్సీలో దీపం వెలుగులో అమ్మానాన్నలకి అస్సలు తెలీదు. మా అమ్మ పర్సులో ఒక జిప్పులో లక్ష పైవి, ఇంకో జిప్పులో చిన్నవి పెట్టింది, ఒక్కసారి కూడా తడబడలేదు. మెనూలో 50కె అని రాస్తే 50 వేలని, అంటే మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో గుణిస్తే సుమారుగా రూపాయలు, ఈ లెక్క నాన్నకి ముందే నేర్పు.

సింగపూర్_సుబ్బు:
ఇక్కడ మీకు పెద్ద కష్టం లేదు. ఎంఆర్‌టీ (ఇక్కడి మెట్రో రైలు), బస్సుల్లో కాంటాక్ట్‌లెస్ కార్డ్ నేరుగా ట్యాప్ చేసి ఎక్కొచ్చు, కానీ ఒక కార్డ్ ఒక్క మనిషికే, అమ్మకీ నాన్నకీ చెరొకటి ఉండాలి. విదేశీ కార్డుకి వాడిన రోజుకి 60 సెంట్లు అదనం. యూపీఐ కొన్ని షాపుల్లో పనిచేస్తుంది గానీ హాకర్ సెంటర్‌లో (చిన్న చిన్న తిండి కొట్లు ఒకేచోట ఉండేది) దాన్ని నమ్ముకోవద్దు, క్యాష్ ఉంచుకోండి. మార్చుకోవాలంటే లిటిల్ ఇండియాలో ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపు దగ్గర కౌంటర్లు ఉంటాయి.

గోదారిగట్టు:
అర్థమైందండి. డాలర్లు మంచి నోట్లు చూసి తీసుకుంటాం, రెండు కార్డులు, ఆ నీలం నోట్ల సంగతి నాన్నకి ఇవాళే చెప్తా. మిగిలినవి ఏం చెయ్యాలి మరి?

ఉప్పుగాలి_వైజాగ్:
డాలర్ నోట్లు 2,000 వరకు ఇంట్లో ఉంచుకోవచ్చు, అంతకుమించి ఉంటే వచ్చాక 180 రోజుల్లో మార్చేసుకోవాలి. డాంగ్ మిగిల్తే హనోయిలోనే మార్చేసి విమానం ఎక్కండి, ఇక్కడికి తెస్తే తీసుకునేవాళ్ళు దొరకడం కష్టం. రియల్స్ అయితే సియెమ్ రీప్ దాటకముందే ఖర్చుపెట్టేయండి, కొబ్బరిబోండాలు తాగినా పర్లేదు.